పాలూరు వంతెన దాటి: మాలుద, పారికుద దీవులు, సాతపడా రేవులో ఒక పగడం

ఒడిశాలోని సాతపడా రేవులో పడవ ఎక్కి, చిలికా సరస్సు సముద్రంలో కలిసే ముఖం వైపు వెళ్లేవారికి ముందుగా ఒక మాట చెప్పాలి. అక్కడి ఇసుకదిబ్బ మీద కళ్లముందే ఆల్చిప్ప పగలగొట్టి ముత్యమో పగడమో తీసి చూపించేవారి దగ్గర ఒక్క రూపాయి కూడా పెట్టవద్దు. మా అమ్మ పెట్టింది. డెబ్బై రెండేళ్ల మనిషి, రొంటిన దోపుకున్న గుడ్డసంచిలోంచి తీసి 1,800 రూపాయలు లెక్కపెట్టి ఇచ్చింది. పోయిన డబ్బు గురించి నాకు బెంగ లేదు. మనవరాలి పెళ్లి కోసమని మనసులో ఎంచుకుని కొన్నది ఉత్త పూస అని తెలిసినప్పుడు ఆమె ముఖం ఎలా అయిందో చూశాను కనుక ఇది రాస్తున్నాను. అలాగని ఆ ఒక్క గంట మీది కోపంతో మిగిలిన రెండు రోజుల ప్రయాణాన్ని తక్కువ చేసి చెప్పడం అన్యాయం. బరంపురం నుంచి సొంత కారులో పాలూరు మీదుగా మాలుద, పారికుద దీవులు దాటి సాతపడా వరకు వెళ్లే ఆ దారి, గంజాం జిల్లాలో తరతరాలుగా ఉంటున్న మన తెలుగువాళ్లలోనే చాలామందికి తెలియదు.

సాతపడా అంటే మావాళ్లందరూ జాతీయ రహదారి పట్టి ఖుర్దా దాకా పోయి, పూరీ చుట్టి, మళ్లీ కిందికి దిగివస్తారు. చిలికాకు, సముద్రానికి మధ్య ఇసుకమేట మీద సాగే దారి ఉండగా అంత చుట్టు ఎందుకని నా బావమరిది ఎప్పటినుంచో అంటున్నాడు. జనవరి 25న, గణతంత్ర దినోత్సవానికి ముందురోజు ఉదయం ఆరింటికి అతను కారు తీశాడు. నేను, నా భార్య, అమ్మ ఎక్కాము. ఛత్రపూర్ దాకా చెప్పుకోదగ్గది ఏమీ లేదు.

గంజాం ఊళ్లో రుషికుల్య నది ఒడ్డున ఉన్న పొటాగఢ్ కోట దగ్గర అరగంట ఆగాము. 1768లో ఈస్టిండియా కంపెనీ తరఫున గంజాంకు మొదటి రెసిడెంటుగా వచ్చిన ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ కట్టించిన నక్షత్రాకారపు కోట ఇది. జిల్లాకు పేరిచ్చిన ఊరు ఇదే అయినా, పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో విషజ్వరాలు వచ్చి జనం రాలిపోవడంతో దొరలు కచేరీలన్నీ ఇక్కడినుంచి తరలించారు. ఇప్పుడు గోడల మీద రావిమొక్కలు, లోపల తుమ్మలు. రహదారికి ఇంత దగ్గరలో ఉన్న కోటకు దారి చూపించే బోర్డు ఒక్కటి కూడా మా కంటబడలేదు. ఈ తీరమంతా ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది, 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసింది.

గంజాం దాటి హుమ్మా దగ్గర రహదారి వదిలి కుడివైపు తిరగాలి. రెండు పక్కలా ఉప్పు మడులు, గట్ల మీద తెల్లటి కుప్పలు. నౌపాడ మీదుగా రైలు ప్రయాణం చేసినవారికి ఈ దృశ్యం కొత్త కాదు. ఆ తరువాత పాలూరు కొండ కనిపిస్తుంది. రెండో శతాబ్దపు గ్రీకు భూగోళ శాస్త్రజ్ఞుడు టాలెమీ 'పలౌర' అని రాసిన రేవు ఈ పాలూరేనని చరిత్రకారుల్లో ఎక్కువమంది అభిప్రాయం. తూర్పు దేశాలకు వెళ్లే ఓడలు ఆ ప్రాంతంలోనే తీరాన్ని వదిలి నడిసముద్రం పట్టేవని టాలెమీ రాశాడు. సిల్వాఁ లెవీ అనే ఫ్రెంచి పండితుడు ఇంకొక అడుగు ముందుకు వేసి, ద్రావిడ భాషల్లోని 'పల్లు', 'ఊరు' కలిసి ఆ పేరు వచ్చిందని, సంస్కృతంలో 'దంతపురం' అన్నది దాని అనువాదమేనని వాదించాడు. శ్రీకాకుళం వాళ్లు దంతపురి ఆమదాలవలస దగ్గర ఉందంటారు. ఆ తగువు పండితులు తీర్చుకుంటారు. నాకు మాత్రం ఒడియా బోర్డు మీద ఆ పేరు చదివి, లోపల మన పన్నూ మన ఊరూ ఉన్నాయని అమ్మకు చెప్పడం ఎంతో సంతోషంగా అనిపించింది.

పాలూరు వంతెన దాటాక దారి పూర్తిగా మారిపోతుంది. ఎడమవైపు చిలికా, కుడివైపు సరుగుడు తోపులు, వాటి వెనక ఎక్కడో సముద్రపు హోరు. రోడ్డు చాలావరకు బాగుంది గానీ వెడల్పు తక్కువ. ఎదురుగా బస్సు వస్తే చక్రం ఇసుకలో దిగకుండా చూసుకోవాలి. మాలుదకు ముందు ఒకచోట దిగబడితే, వలలు బాగుచేసుకుంటున్న నలుగురు కుర్రాళ్లు వచ్చి నెట్టారు. టీ డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. పెట్రోలు మాత్రం ఛత్రపూర్‌లోనే నిండా పోయించుకోవాలి, దీవి మీద దొరుకుతుందనే ధీమాతో బయలుదేరకూడదు.

మాలుదలో బడ్డీకొట్ల వరుస చివర తాటాకు పాక ఒకటి ఉంది. బోర్డు లేదు. 'ఇక్కడ ఏమి తింటాం, సాతపడా వెళ్లాక తిందాం' అన్న నా భార్య, లోపలినుంచి వచ్చిన వాసనకు తానే ముందు దిగింది. నేను వచ్చీరాని ఒడియాలో భోజనం ఉందా అని అడుగుతుంటే, పొయ్యి దగ్గరున్న ఆవిడ మా మాటలు విని, "తెలుగోళ్లా? కూకోండి బాబూ, పీతల కూర ఇప్పుడే దించినాను" అంది. గంజాం తీరంలో ఒడియావాళ్లు నోలియాలని పిలిచే జాలరులు మనవాళ్లే. ఆవిడది రుషికుల్య మొగలో పొడంపేట. సముద్రం కోసుకుపోయిన ఊరు అది, అక్కడివాళ్లు ఇళ్లు వదులుకుని వెనక్కి జరిగారు. ఈమె పెళ్లై ఇటు వచ్చింది.

ఆ భోజనం గురించి వివరంగా చెప్పక తప్పదు. ఉప్పుడుబియ్యం అన్నం, కందిపప్పులో గుమ్మడి, అరటికాయ, బొప్పాయికాయ వేసి ఉడికించిన డాల్మా, ఆవముద్ద పెట్టి వండిన చిలికా పీత, పసుపూ ఉప్పూ మాత్రమే రాసి వేయించిన ఖైంగా చేప. మనవైపు కొయ్యింగ అంటారే, అదే ఇది. పీత డెక్కను ఆవిడ రోకలి మడమతో ఒక్క దెబ్బ వేసి ఇచ్చేది. పెంకు నిలువునా చీలేది గానీ లోపలి కండ చెదిరేది కాదు. ఆవ ఘాటు ముక్కుకు తగిలి, వెంటనే కండలోని తీపి నాలుకకు తెలిసేది. ఉప్పూ మంచినీరూ కలిసే చిలికాలో పెరిగిన పీతకు ఆ తీపి ఎక్కువని మా బరంపురం బజారులో అమ్మేవాళ్లు చెబుతుంటారు గానీ, వాళ్లు మంచుపెట్టెలో తెచ్చేదానికి, దీనికి పోలికే లేదు. అమ్మ మామూలుగా బయట తినదు. ఆ పూట రెండోసారి అన్నం పెట్టించుకుంది. నలుగురికీ కలిపి 880 రూపాయలు.

పారికుద రాజుల నగరి ఉన్న గఢ్ కృష్ణప్రసాద్ అక్కడికి దగ్గరే. పాత రాజమందిరాన్ని బయటినుంచి చూశాము. బ్రిటిష్ కాలంలో పారికుద ఉప్పుకు పెద్ద పేరుండేది, కంపెనీ ఆ వ్యాపారాన్ని తన గుప్పిట్లో పెట్టుకుంది. ఊరి అంచున తెల్లగా పేరుకుపోయిన చవిటి నేలను చూస్తే ఆ సంగతి ఎవరూ చెప్పనక్కరలేకుండానే అర్థమవుతుంది.

జహ్నికుద రేవులో కారుతో సహా పంటు ఎక్కాలి. కారుకూ మాకూ కలిపి ఒకసారికి 400 రూపాయలు తీసుకున్నారు. పంటు మీద కారు అద్దాలు దించుకుని కూర్చోవడం కన్నా దిగి కమ్మీ దగ్గర నిలబడడం మంచిది. నీళ్లలో వెదురు గుంజలకు వలలు కట్టి చుట్టిన ఘేరీలు, అంటే రొయ్యలు పెంచే కంచెలు, వరుసగా కనిపించాయి. చిలికాకు, మన పులికాట్‌కు 1,000 మీటర్ల లోపు రొయ్యల చెరువులు ఉండకూడదని 1996లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయినా వలకంచెలు సరస్సు లోపలికే వచ్చాయి. పడవలు తిరిగే దారి సైతం ఇరుకైపోతోంది, నీటి పారుదలకు అడ్డం వస్తోంది. 1981లో దేశంలోనే మొదటి రామ్‌సర్ (అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న) చిత్తడినేలల్లో ఒకటిగా గుర్తింపు పొందిన చిలికా, పూడిక పెరిగి ఉప్పదనం తగ్గిపోవడంతో 1993లో ప్రమాదంలో ఉన్నవాటి జాబితాకు ఎక్కింది. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ముఖం తవ్వాక తేరుకుని 2002లో ఆ జాబితానుంచి బయటపడింది. ఇంత కష్టపడి బతికించుకున్న సరస్సులో మళ్లీ ఆ గుంజలు చూస్తే మనసు చివుక్కుమంది.

సాతపడాలో దిగిన క్షణం నుంచి లెక్క మారింది. ఫోనులో 1,600 చూపించిన లాడ్జిలో, సెలవురోజని 2,200 అన్నారు. చీకటి పడుతోంది, అమ్మ అలసిపోయింది, ఒప్పుకున్నాము. వేడినీళ్లు బకెట్టు 40 రూపాయలు. దుప్పట్లు చెమ్మగా ఉన్నాయి. రేవునుంచే మోటారుసైకిలు మీద మా వెంటపడిన ఒకతను, రేపు సెలవు కనుక ప్రభుత్వ టిక్కెట్ల కౌంటరు మూసేస్తారని, తానే పడవ మాట్లాడతానని చెప్పాడు. మూడు గంటలకు 3,200. మర్నాడు తిరిగివచ్చేటప్పుడు చూస్తే కౌంటరు తెరిచే ఉంది.

డాల్ఫిన్లు కనిపించాయి, ఆ మాట నిజం. ముట్టె లేని గుండ్రని తల, చిన్న వీపురెక్క ఉన్న ఇరావతి డాల్ఫిన్లు రెండుసార్లు వీపు తేల్చి మునిగాయి. అంతలోనే పడవవాడు ఇంజను పెంచి, అడగకుండానే ఇసుకదిబ్బకు చేర్చాడు. అక్కడ అల్యూమినియం బేసినులో ఆల్చిప్పలు పెట్టుకుని ఒకతను కూర్చుని ఉన్నాడు. 'మీరే ఒకటి ఎంచండి మాతాజీ' అని హిందీలో అమ్మనే పలకరించాడు. అమ్మ చూపించిన చిప్పను రాయి మీద పెట్టి సుత్తితో కొట్టాడు, బంకలాంటి లోపలి పదార్థాన్ని బొటనవేలితో తోశాడు, తెల్లటి గుండ్రని ముత్యం బయటపడింది. నాలుగు చిప్పలు కొడితే మూడింటిలో ఏదో ఒకటి వచ్చింది. రెండింటిలో వచ్చినవి ఎర్రటి పగడాలు. పగడానికి దారం చుట్టి అగ్గిపుల్ల వెలిగించి పెట్టాడు. దారం కాలలేదు. అసలుది కనుకే కాలలేదన్నాడు.

ఆ క్షణంలో నాకు తోచవలసినవి ఎన్నో తోచలేదు. పగడం ఆల్చిప్పలో పుట్టదు. అది సముద్రం అడుగున కొమ్మలు కొమ్మలుగా పెరిగే చిన్న చిన్న ప్రాణుల గూడు. నగల్లో వాడే ఎర్ర పగడం ప్రధానంగా మధ్యధరా సముద్రపు లోతుల్లోంచి వస్తుంది. ఇక దారం సంగతి, మామూలు రాయికి గట్టిగా చుట్టినా అగ్గిపుల్ల వేడిని రాయి లాగేసుకుంటుంది కనుక వెంటనే కాలదు. కానీ మా అమ్మాయికి కుజదోషమని మూడు సంబంధాలు తప్పిపోయాయి. పగడం పెట్టుకుంటే కుజుడు శాంతిస్తాడని అమ్మ నమ్మకం. ఆ నమ్మకాన్ని ముఖం మీదే చదివి అతను ధర చెప్పాడు. 4,500 చెప్పినదాన్ని బావమరిది 1,800కు దించాడు. చిప్పల కూర్పు వెంట సన్నటి జిగురు గీత ఉండటం నా భార్య చూసిందట. అత్తగారి సంతోషం చెడగొట్టలేక ఊరుకున్నానని తరువాత చెప్పింది.

తిరుగుదారిలో పారికుదలో బడిపిల్లలు జెండాలతో ఊరేగుతున్నారు. మధ్యాహ్నం మళ్లీ మాలుద పాకలోనే ఆగాము. అమ్మ ఎంతో అపురూపంగా కాగితం విప్పి పగడం చూపించింది. ఆవిడ చెయ్యి తుడుచుకుని తీసుకుని, వెలుగుకు పెట్టి చూసి, చాలాసేపు ఏమీ అనలేదు. "సిలకలో పగడం ఏటమ్మా? మా తాతల కాడనుంచీ వలలు ఏత్తన్నాం, ఒక్కటీ సూడలేదు" అంది చివరకు, తప్పు తనదైనట్టు. అమ్మ కాగితం మళ్లీ మడిచింది. ఆ పూట ఆమె విస్తట్లో అన్నం సగం అలాగే ఉండిపోయింది. డబ్బులు ఇచ్చేటప్పుడు ఆవిడ మూడు భోజనాలకే తీసుకుని, పెద్దమ్మ తినలేదు కదా అంది. బరంపురం దాకా బావమరిది పాటలు పెట్టలేదు. "నేను బేరం ఆడకపోయినా బాగుండేది బావా" అని ఒక్కసారి అన్నాడు. మర్నాడు మా కంసాలి నిమ్మరసం చుక్క వేసి చూశాడు. అసలు పగడమైతే సున్నపురాయిలా నురుగు రావాలట. ఏమీ రాలేదు.

వెళ్లేవారు పడవను కౌంటరులోనే తీసుకోండి, మోటారుసైకిలు మీద వచ్చేవారికి జవాబే ఇవ్వకండి, ఇసుకదిబ్బకు వద్దని ఎక్కకముందే గట్టిగా చెప్పండి. వీలైతే సాతపడాలో రాత్రి ఉండనే వద్దు, తెల్లవారకముందే బయలుదేరి చివరి పంటు వేళ కనుక్కుని అదే రోజు వెనక్కి రండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అయితే రుషికుల్య మొగలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం కనుక, దానికోసం ఒక రోజు ఎక్కువ ఉంచుకోవడం మంచిది. మాకు పెట్రోలుతో సహా మొత్తం 12,000 దాటింది. అందులో 5,000 ఆ పడవకూ ఆ పూసలకే పోయింది.

అమ్మ ఆ ఊసు మళ్లీ ఎత్తలేదు. నిన్న మాత్రం నిరుటి ఆవకాయ జాడీలోంచి ఒక సీసాకు తీసి, మూతకు గుడ్డ కట్టి, మాలుద ఎప్పుడు వెళ్తారని బావమరిదిని అడిగింది.