పుట్టుమచ్చలు, పులిపిర్లు తీయించుకునే హైదరాబాద్ వాళ్లకు జాగ్రత్త: క్రీములు, ప్లాస్మా పెన్నులు, పార్లర్ ఆఫర్లు

ముఖం మీద పుట్టుమచ్చో, మెడ చుట్టూ పులిపిర్లో తీయించుకుందామని చూస్తున్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. ఇప్పుడు బజార్లో మూడు రకాల సరుకు నడుస్తోంది. ఒకటి ఆన్‌లైన్‌లో దొరికే మోల్ రిమూవర్ క్రీములు. రెండోది ఇంట్లోనే కాల్చుకోమని అమ్మే ప్లాస్మా పెన్నులు. మూడోది పార్లర్లలో, స్కిన్ స్టూడియోల్లో "మచ్చకు ఇంత" అని లెక్కగట్టే ఆఫర్లు. మూడింటిలోనూ తప్పు ఒక్కచోటే ఉంది: ఆ మచ్చ ఏమిటో తెలుసుకోకుండానే కాల్చేస్తారు. ఒకసారి బూడిదైపోయాక అది మామూలు మచ్చో, ప్రమాదకరమైనదో ఏ ల్యాబూ చెప్పలేదు.

క్రీము కొని దెబ్బతిన్నవాళ్లు చెప్పేది దాదాపు ఒకేలా ఉంటుంది. రాసిన రోజు మంట. మర్నాడు నల్లటి పక్కు. వారం పది రోజులకు పక్కు ఊడి, కింద ఎర్రటి గుంట. నెల తిరిగేసరికి గుంట చుట్టూ నలుపు. మూడో నెలలో అదే గుంట మధ్యలో మళ్లీ నల్ల చుక్క. అమ్మినవాణ్ని అడిగితే ఇంకో సీసా వాడమంటాడు.

పెట్టెను ఒకసారి వెలుతురులో పెట్టి చదవండి. ఐదో పదో మిల్లీలీటర్ల సీసా, ఒక ప్లాస్టిక్ పుల్ల, చర్మం గీకడానికి చిన్న గరుకు కాగితం. మచ్చ పైభాగం ఎర్రబడేదాకా గీకి, ఆ పచ్చి చర్మం మీద మందు పెట్టమని రాసుంటుంది. "హెర్బల్", "నొప్పి ఉండదు", "మచ్చ పడదు" అని పెద్దక్షరాల్లో ఉంటుంది కానీ లోపల ఏముందో, ఎంత శాతం ఉందో, ఏ లైసెన్సు మీద తయారైందో చాలా పెట్టెల మీద కనపడదు. ఈ రకం మందుల్లో సాధారణంగా ఉండేవి ఎక్కువ బలమున్న శాలిసిలిక్ యాసిడ్, ట్రైక్లోరో అసిటిక్ యాసిడ్, లేదంటే జింక్ క్లోరైడ్. మూడూ చర్మాన్ని చంపేవే. 2022 ఆగస్టులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇలాంటివి అమ్ముతున్న మూడు కంపెనీలకు హెచ్చరిక లేఖలు రాసింది. పుట్టుమచ్చలకు, స్కిన్ ట్యాగ్‌లకు (మెడ మీద, చంకల్లో వేలాడే మెత్తటి పులిపిర్లకు) సొంతంగా కొని రాసుకునే మందు దేనికీ తాము ఆమోదం ఇవ్వలేదని అప్పుడే చెప్పింది. కాబట్టి అలాంటి సీసా మీద "ఎఫ్‌డీఏ అప్రూవ్డ్" అని కనిపిస్తే పక్కన పెట్టేయండి.

గుంట ఎందుకు పడుతుందంటే, చర్మం పైపొర చాలాచోట్ల మిల్లీమీటరులో పదో వంతే ఉంటుంది. ఉబ్బెత్తుగా ఉండే పుట్టుమచ్చ కణాలు ఆ కిందిపొరలో లోతుగా దిగి ఉంటాయి. మందు పైపైన ఆగితే మచ్చ పోదు, లోతుకు దిగితే గుంట తప్పదు. ఎక్కడ ఆగాలో మందుకు తెలియదు, రాసేవాళ్లకు కనపడదు. మన చర్మానికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. చామనఛాయ, నలుపు రంగు వాళ్లకు కాలిన చోట నెలల తరబడి నల్లబడుతుంది. లోతుగా కాలితే రంగు తయారుచేసే కణాలే చచ్చి తెల్ల మచ్చ మిగులుతుంది. నలుపు చాలామటుకు తగ్గుతుంది, తెలుపు తిరిగి రంగు పట్టడం కష్టం.

డబ్బు ఖర్చు లేదని ఇంట్లో చేసే సున్నం, బట్టల సోడా వైద్యం అంతకన్నా ప్రమాదం. తడి సున్నంలో సోడా కలిపితే కాస్టిక్ సోడా తయారవుతుంది. యాసిడ్ తగిలిన చోట చర్మం గట్టిపడి కొంతవరకు తనే అడ్డుకట్ట వేస్తుంది. క్షారం అలా కాదు, కణజాలాన్ని కరిగిస్తూ లోపలికి పోతూనే ఉంటుంది. మెడ మీద, కంటి దగ్గర ఇది పెట్టకండి. ఇప్పటికే పెట్టి మంటపుడుతుంటే కనీసం 20 నిమిషాలు కుళాయి ధార కింద కడగండి. నిమ్మరసం, వెనిగర్ పోసి విరగ్గొట్టాలని చూడొద్దు. కంట్లో పడితే కడుగుతూనే ఆసుపత్రికి బయల్దేరండి. నల్లజీడి రసం కూడా ఈ కోవలోదే, పెట్టిన చోటే కాక చుట్టుపక్కలా బొబ్బలు లేస్తాయి.

శాలిసిలిక్ యాసిడ్ చెడ్డ మందని కాదు. చేతి వేళ్ల మీద, అరికాళ్లలో వచ్చే గరుకు పులిపిర్లకు అదే మొదటి మందు. అవి వైరస్ వల్ల వచ్చేవి, పైన గీకితే సూదిమొనంత నల్ల చుక్కలు కనపడతాయి. మెడికల్ షాపులో సుమారు 17 శాతం బలంతో దొరికే మందును వాడే పద్ధతి ఇది: రాత్రి గోరువెచ్చని నీళ్లలో ఐదు నుంచి పది నిమిషాలు నానబెట్టాలి, మెత్తబడిన చచ్చు చర్మాన్ని రాపిడి పట్టీతో తీసేయాలి, చుట్టూ వాసెలిన్ రాసి, పులిపిరి మీద మాత్రమే చుక్క వేసి ఆరనివ్వాలి. ఇలా 12 వారాల దాకా ఓపిక పట్టాలి. ఆ పట్టీని ఇంకెవరూ వాడకూడదు. షుగర్ ఉన్నవాళ్లు పాదాలకు సొంతంగా వాడకూడదు. ముఖానికి, మర్మాంగాలకు, పుట్టుమచ్చలకు అసలు వాడకూడదు.

ఇక ప్లాస్మా పెన్ను. బాల్‌పెన్ను సైజులో ఉంటుంది, చివర సన్నటి సూది, పక్కన లెవెల్ మార్చే బటను. సూదికీ చర్మానికీ మధ్య చిన్న నిప్పురవ్వ లేచి చర్మం మాడుతుంది. లెవెల్ అంకె పెంచితే వేడి పెరుగుతుంది కానీ ఎంత లోతు కాలుతుందో అది చెప్పదు. చేయి అర సెకను ఎక్కువ నిలబడితే చాలు. పార్లర్లలో ఇదే పెన్నును "లేజర్" అని చెప్పి వాడే చోట్లు ఉన్నాయి, అడిగి చూడండి. మచ్చలు తీసే కార్బన్ డయాక్సైడ్ లేజర్ సాధారణంగా పెద్ద స్టాండు మిషను. దానికి వంగే చెయ్యి ఉంటుంది, కాలితో తొక్కే పెడల్ ఉంటుంది, గదిలో ఉన్నవాళ్లందరికీ కళ్లద్దాలు ఉంటాయి. జేబులో పట్టేది ఆ లేజర్ కాదు. ఇంకో విషయం, సూది ఎవరికివారికి కొత్తది కాకపోతే హెపటైటిస్ బి, సి లాంటివి అంటే ప్రమాదం ఉంది. స్పిరిట్‌తో తుడిస్తే సరిపోదు. సీల్ మీ కళ్లముందు విప్పకపోతే లేచి వచ్చేయండి.

పార్లర్ ఆఫర్లలో నన్ను ఎక్కువ కలవరపెట్టేది డబ్బు కాదు, ఎవరూ భూతద్దం పెట్టి చూడకపోవడం. మెడ మీద, చంకల్లో మెత్తగా చిన్న కాడతో వేలాడేవి స్కిన్ ట్యాగ్‌లు. పుస్తెలతాడు, నల్లపూసలు, కాలరు రాసుకునే చోట ఎక్కువ. వాటితో ప్రమాదం లేదు. కాకపోతే మెడ వెనక చర్మం నల్లగా, ముఖమల్‌లా మందంగా కూడా ఉంటే, తీయించుకోవడం కన్నా ముందు షుగర్ పరీక్ష చేయించండి. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) 5.7 నుంచి 6.4 శాతం మధ్య వస్తే షుగర్ గుమ్మంలో ఉన్నట్టు. గజ్జల్లో వచ్చినవి స్కిన్ ట్యాగ్‌లే అనుకుని పార్లర్లో కాల్పించుకోవద్దు, అవి లైంగికంగా అంటుకునే వైరస్ పులిపిర్లు కావచ్చు. వాటికి వైద్యమే వేరు, భార్యాభర్తలిద్దరినీ చూడాలి. పిల్లల ఒంటి మీద మధ్యలో సొట్టతో ముత్యాల్లా వచ్చేవి మొలస్కం. చాలావరకు నెలల్లో వాటంతటవే పోతాయి. చెంపల మీద, కణతల మీద ముప్పై దాటాక నల్లగా గింజల్లా వరసగా వచ్చేవి డీపీఎన్, అమ్మకో నాన్నకో ఉండే ఉంటాయి. అవి పైపొరలోవే కాబట్టి తక్కువ పవరుతో చాలా తేలిగ్గా పోతాయి. ఎక్కువ కాలిస్తే మటుకు ప్రతి చుక్క చోటా తెల్ల చుక్క మిగులుతుంది. యాభై మచ్చలున్నా అన్నీ ఒకేరోజు తీయించుకోకండి. చెవి దగ్గర రెండు మూడు తీయించి, నాలుగైదు వారాలు ఆగి, రంగు ఎలా వచ్చిందో చూసి మిగతావి తీయించండి.

అసలు భయం పుట్టుమచ్చలాగే ఉండి పుట్టుమచ్చ కానిదాంతో. మన దేశంలో బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్ తరచు నల్లగానే వస్తుంది. ముక్కు పక్కన, కంటి కింద మెరుస్తూ, అంచు ముత్యంలా ఉబ్బి, మధ్యలో పక్కు కట్టి రాలుతూ ఉంటుంది. పెద్ద వయసులో కొత్తగా వచ్చిన "పుట్టుమచ్చ" మానకుండా రక్తం చిమ్ముతుంటే దాన్ని కాల్పించకూడదు. పైన కాలి మానినట్టు కనపడుతుంది, లోపల పాకుతూనే ఉంటుంది. మెలనోమా అనే ఇంకో చర్మ క్యాన్సర్ మనవాళ్లలో అరుదు, వచ్చినప్పుడు మాత్రం అరికాలు, అరచేయి, గోటి కింద ఎక్కువ కనపడుతుంది. ఒకే గోటికి నిలువుగా నల్లచార వచ్చి వెడల్పవుతుంటే, ఆ నలుపు గోటి మొదట్లో చర్మానికి కూడా పాకితే ఆలస్యం చేయొద్దు. మచ్చ రెండు సగాలూ ఒకేలా లేకపోవడం, అంచు చెదిరిపోవడం, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు, 6 మిల్లీమీటర్లు దాటడం, అన్నిటికన్నా ముఖ్యంగా కొద్ది నెలల్లో మారడం, వీటిలో ఏదున్నా చర్మ వైద్యుల దగ్గరికే వెళ్లాలి.

సరైన చోట ఎలా జరుగుతుందో తెలిస్తే తేడా మీకే కనపడుతుంది. ముందు డెర్మాటోస్కోప్, అంటే లైటున్న 10 రెట్ల భూతద్దం, మచ్చ మీద ఆనించి చూస్తారు. ఒకటి రెండు నిమిషాల పని. రక్తం పలుచబడే మాత్రలు, పేస్‌మేకర్, మత్తు మందుతో ఎలర్జీ, ఉబ్బు మచ్చలు వచ్చే తత్వం ఉన్నాయా అని అడుగుతారు. అడక్కపోతే మీరే చెప్పండి, మాత్రలు మాత్రం సొంతంగా ఆపకండి. చిన్న స్కిన్ ట్యాగ్‌లను సన్న కత్తెరతో కత్తిరిస్తారు లేదా రేడియో ఫ్రీక్వెన్సీతో (రేడియో తరంగాల వేడితో) కాడ దగ్గర తీస్తారు. ఎక్కువుంటే మత్తు క్రీము రాసి గంటసేపు ప్లాస్టిక్ పొర కప్పి ఉంచుతారు. ఆ గంట లేకుండా ఐదు నిమిషాల్లో మొదలుపెడితే క్రీము పని చేయదు, నొప్పికి మీరు కదులుతారు, కాలకూడని చోట కాలుతుంది.

ఉబ్బెత్తు పుట్టుమచ్చకు లిగ్నోకెయిన్ అనే మత్తు సూది ఇచ్చి, బ్లేడుతో చర్మం మట్టానికి చెక్కేయడం ఒక పద్ధతి. కుట్లు ఉండవు. అడుగున కణాలు మిగులుతాయి కాబట్టి రంగో వెంట్రుకో మళ్లీ రావచ్చు. పూర్తిగా పోవాలంటే కోసి కుట్టాలి. కన్ను ఆకారంలో కోస్తారు కాబట్టి గీత పొడవు వెడల్పుకు దాదాపు మూడు రెట్లు ఉంటుంది. 5 మిల్లీమీటర్ల మచ్చకు 15 మిల్లీమీటర్ల గీత. ఏ పద్ధతిలోనూ "అసలు గుర్తే ఉండదు" అని నిజాయితీగా చెప్పగలిగేవాళ్లు లేరు. ఛాతీ మధ్య, భుజాలు, దవడ అంచు, చెవి తమ్మె మీద కెలాయిడ్ (గాయం హద్దు దాటి పెరిగే ఉబ్బు మచ్చ) వచ్చే అవకాశం ఎక్కువ. అక్కడ అందం కోసం చిన్న మచ్చను తీయించుకోవద్దనే నా సలహా.

తీసిన ముక్కను 10 శాతం ఫార్మలిన్ ఉన్న డబ్బాలో వేసి, పేరు, ఎక్కడిదో రాసి బయాప్సీకి పంపాలి. ఉప్పునీళ్లలోనో స్పిరిట్‌లోనో వేస్తే ముక్క పాడవుతుంది. మామూలు స్కిన్ ట్యాగ్‌లకు ఇది అక్కర్లేదని డాక్టర్ అనొచ్చు, పుట్టుమచ్చకు మాత్రం అడిగి పంపించండి. రిపోర్టు జాగ్రత్తగా దాచుకోండి. తర్వాత ఎప్పుడైనా అదే చోట రంగు తిరిగొస్తే మైక్రోస్కోపు కింద అది క్యాన్సర్‌లా కనపడే వీలుంది. పాత రిపోర్టు ఉంటేనే ఆ అనుమానం తీరుతుంది.

పెళ్లి ముహూర్తం పెట్టుకుని పది రోజుల ముందు పరిగెత్తేవాళ్లు చాలామంది. రెండు మూడు నెలల ముందే చేయించుకోవాలి. పక్కు ఊడటానికి ముఖం మీద వారం నుంచి పది రోజులు, ఎరుపూ నలుపూ తగ్గడానికి వారాలు పడుతుంది. కుట్లు ముఖానికైతే 5 నుంచి 7 రోజులకు, వీపుకైతే 10 నుంచి 14 రోజులకు తీస్తారు. రోజుకు రెండుసార్లు మెల్లగా కడిగి వాసెలిన్ రాసి తడిగా ఉంచాలి. పసుపు, టూత్‌పేస్ట్ పెట్టకూడదు, పక్కును గిల్లకూడదు. మానాక ఎస్‌పీఎఫ్ 30 పైన సన్‌స్క్రీన్. బండి మీద తిరిగేవాళ్లు ఏప్రిల్, మే ఎండల్లో ముఖం మీద చేయించుకోకపోతేనే మేలు. హెల్మెట్ పట్టీ ఒరుసుకునే చోటైతే మానేదాకా బండి మానుకోవాలి.

డాక్టర్ పేరును తెలంగాణ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరుతో సహా అడగండి. చర్మ వైద్యంలో చదువులైన ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, డీఎన్‌బీ డెర్మటాలజీ, వీటిలో ఒకటి ఉండాలి. కాస్మెటాలజీ సర్టిఫికెట్ కోర్సు వీటికి సమానం కాదు. బోర్డు మీద డాక్టర్ పేరుండి లోపల టెక్నీషియన్ కాలుస్తుంటే ఆ పేరుతో మీకు పని లేదు. పది మచ్చల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టకండి. ఖర్చు భయమైతే ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో చర్మ వ్యాధుల ఓపీ ఉంది, పొద్దున్నే వెళ్లాలి. బయాప్సీలో క్యాన్సర్ అని వస్తే రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

ఇప్పటికే క్రీమో పెన్నో వాడి పుండు పడిందా? వాడకం ఆపండి, పక్కు పీకకండి, పక్కన స్కేలు పెట్టి రోజూ ఫొటో తీయండి, సీసాను పారేయకుండా డాక్టర్‌కు చూపించండి. చీము, జ్వరం, చుట్టూ పాకే ఎరుపు ఉంటే ఆ రోజే వెళ్లాలి. పుండు పూర్తిగా మూసుకున్నాక సిలికాన్ జెల్ రెండు మూడు నెలలు వాడితే ఉబ్బు మచ్చ కొంత తగ్గుతుంది. మచ్చలో మళ్లీ నలుపు కనపడితే ఇంకోసారి కాల్చడం కాదు, బయాప్సీ చేయించాలి. బిల్లు, ఆర్డర్ స్క్రీన్‌షాట్, ఆఫర్ ప్రకటన, ఫొటోలు ఒకచోట పెట్టుకుని ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పండి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు కేసు వేయొచ్చు, మీరు కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లైసెన్సు లేని క్రీము గురించి డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్‌కు, డాక్టర్ కాకుండా డాక్టర్‌నని చెప్పుకుని చేసినవాళ్ల గురించి మెడికల్ కౌన్సిల్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి.