ఆకురాలే కాలంలో ఐస్‌లాండ్ రింగ్ రోడ్డు: వ్యానులోనూ తిరిగాం, కారులోనూ తిరిగాం

ముందే తేల్చి చెప్పేస్తాను, ఎందుకో తర్వాత రాస్తాను. వెళ్తే సెప్టెంబరులో వెళ్లండి, అక్టోబరు సగం దాటాక మాత్రం దేశం మొత్తం చుట్టి వద్దామని పెట్టుకోకండి. క్యాంపర్ వ్యాను కన్నా ఫోర్ వీల్ డ్రైవ్ కారు తీసుకుని రాత్రికి గదిలో పడుకోవడం మేలు. అందరూ ఫొటోలు పెట్టే దక్షిణ తీరం కన్నా ఈశాన్య మూలే ఈ కాలంలో బాగుంటుంది.

మేముండేది డబ్లిన్‌లో. అక్కడి నుంచి విమానంలో రెండున్నర గంటల చిల్లర, అంతే. అందుకే కొన్నేళ్లుగా ఎండలు తగ్గగానే మా ఇంట్లో ఒకటే గొడవ, సెలవులు సంక్రాంతికి దాచుకుందామా, ఐస్‌లాండ్‌లో ఖర్చుపెడదామా అని. వ్యానులో తిరిగాం, చిన్న కారులో తిరిగాం, ఒకసారి పెద్ద బండి తీసుకుని అత్తయ్యగారినీ మామయ్యగారినీ కూడా ఎక్కించుకుని తిరిగాం.

రింగ్ రోడ్డంటే అక్కడి ఒకటో నంబరు రోడ్డు. దేశాన్ని ఒక చుట్టు చుట్టి వస్తుంది, సుమారు 1,320 కిలోమీటర్లు. తారు రోడ్డు మీద వేగ పరిమితి గంటకు 90, కంకర రోడ్డయితే 80. ఈ అంకెలు చూసి చాలామంది లెక్కలేసేస్తారు, రోజుకు మూడొందల కిలోమీటర్లు, నాలుగైదు రోజుల్లో అయిపోతుంది అని. వేసవిలో రాత్రి పదకొండుకి కూడా వెలుతురుంటుంది కాబట్టి ఎలాగో లాక్కొస్తారు. సెప్టెంబరు ఆఖర్లో ఆ ఆటలు సాగవు. అప్పటికి పగలు పన్నెండు గంటలుంటుంది, అక్కడి నుంచి రోజుకు ఆరేడు నిమిషాల చొప్పున తగ్గిపోతుంది, అంటే వారం గడిచేసరికి ముప్పావు గంట వెలుతురు పోయినట్టే. అక్టోబరు చివరికొచ్చేసరికి తెల్లారేది తొమ్మిదింటికి, సాయంత్రం ఐదున్నరకల్లా చీకటి. చీకట్లో వీధి దీపాల్లేని రోడ్డు మీద, పక్కన ఏముందో తెలియకుండా నడిపేదానికి అంత డబ్బు పోసి వెళ్లడం ఎందుకు? పది రోజులు లేకపోతే చుట్టు ఆలోచన మానేసి ఒక పక్కే తిరగండి. మా స్నేహితులకి ఇదే చెప్తాను, సగం మంది వినరు.

ఇక వ్యాను సంగతి. వీడియోల్లో చూసి మేమూ మోజుపడ్డాం. వెనక తలుపు తెరిస్తే జలపాతం, చేతిలో కాఫీ, ఆ బాపతు. వాస్తవమేంటంటే ఎక్కడ పడితే అక్కడ వ్యాను ఆపుకుని పడుకోవడం చట్టం ఒప్పుకోదు, క్యాంపు సైటుకే వెళ్లాలి, ఆ సైట్లేమో సెప్టెంబరు మధ్య నుంచి ఒక్కొక్కటిగా మూతపడుతూ వస్తాయి. తెరిచి ఉన్నదాని కోసం అదనంగా నడపాలి. రాత్రంతా డీజిల్ హీటర్ వేసుకుంటే లోపల అద్దాలకి చెమట పట్టి తెల్లారేసరికి దుప్పట్లు తడి. వీటన్నిటికన్నా పెద్ద బాధ గాలి. అక్కడ గాలి వేగం సెకనుకు ఇన్ని మీటర్లని చెప్తారు. పదిహేను దాటితే ఎత్తుగా ఉండే వ్యానుకి జాగ్రత్త కావాలి, ఇరవై దాటితే ఎక్కడున్నది అక్కడే ఆగిపోవాలి. వాత్నాయోకుల్ హిమనదం కింద ఓరేవి అనే ప్రాంతం ఉంది, కొండల మీద నుంచి గాలి ఒక్కసారిగా దూకుతుంది. అక్కడ ఒక రాత్రంతా వ్యాను ఊగుతూనే ఉంది, మా ఆవిడ తెల్లారేదాకా మాట్లాడలేదు, తెల్లారాక మాట్లాడింది గానీ అది ఇక్కడ రాయలేను. ఆ తర్వాత నుంచీ కారే. గెస్ట్‌హౌస్‌లు వేసవి కన్నా చవకగా దొరుకుతాయి, చాలాచోట్ల వంటగది వాడుకోనిస్తారు, బట్టలారతాయి. క్యాంపు ఫీజు, వ్యాను అద్దె, డీజిల్ కలిపి చూస్తే మా ఇద్దరికీ కారూ గదులూ పెట్టుకుంటే పడిన తేడా పెద్దదేం కాదు.

కారు తలుపు విషయం విడిగా చెప్పాలి. ఆపేటప్పుడు ముందు భాగం గాలికి ఎదురుగా పెట్టండి, తలుపు రెండు చేతులతో పట్టుకుని తెరవండి. గాలికి తలుపు విరుచుకుపోతే మామూలు ఇన్సూరెన్స్‌లో అది రాదు. దక్షిణాన ఇసుక మైదానాల్లో గాలి లేస్తే ఇసుక, బూడిద కలిసి బండి రంగు ఊడబీకేస్తుంది, దానికి ఇసుక-బూడిద ఇన్సూరెన్సని వేరేగా అమ్ముతారు. దక్షిణం వెళ్తే అది తీసుకోండి. ఒకసారి బండి తిరిగిచ్చేటప్పుడు అద్దెకిచ్చినవాళ్లు టార్చి వేసి మరీ అద్దం మీద ఆవగింజంత దెబ్బ వెతికి బిల్లు వేశారు, అది మేం తీసుకునేటప్పుడే ఉందని మాకు తెలుసు, ఋజువు లేదు. ఎవరో పేరు రాయను. తీసుకునేటప్పుడే చుట్టూ తిరిగి వీడియో తీసుకోండి, అద్దం, చక్రాల అంచులు, బండి కింద కూడా. టైర్లు ఏం వేశారో అడగండి. మేకుల టైర్లు మామూలుగా నవంబరు 1 నుంచి ఏప్రిల్ 14 వరకే. అక్టోబరులో ఉత్తరాన కొండ కనుమల మీద మంచు పడితే మీ దగ్గర ఉండేది సాదా టైర్లే కావచ్చు.

డ్రైవింగ్ కుడివైపు. మనకీ ఐర్లండ్‌కీ ఎడమ కాబట్టి మొదటి రోజు కొంచెం టెన్షన్, ఆ తర్వాత అలవాటైపోతుంది. రెండు వరసల రౌండబౌట్‌లో లోపలి వరసలో ఉన్నవాడిదే హక్కు, బయటి వరసలో ఉన్నవాళ్లు ఆగాలి, ఇది గుర్తుపెట్టుకోండి. ఒక బండే పట్టే వంతెనలు ఇంకా చాలా ఉన్నాయి, ఎవరు ముందొస్తే వాళ్లు వెళ్తారు, అవతలివాడు ఆగుతాడు, హారన్లూ లైట్లు కొట్టడాలూ ఏమీ ఉండవు. పగలైనా హెడ్‌లైట్లు వేసే ఉండాలి.

రంగుల గురించి రాయకపోతే ఈ కాలంలో ఎందుకు వెళ్లాలో అర్థం కాదు. కెనడాలోలా ఎర్రటి చెట్ల అడవి ఉంటుందనుకుని వెళ్తే నిరాశే. చెట్లే తక్కువ. దేశంలో అడవి మొత్తం కలిపినా నేలలో రెండు శాతం అటూఇటూగా ఉంటుంది. అడవిలో దారి తప్పితే లేచి నిలబడితే చాలు అని అక్కడివాళ్లే జోకేసుకుంటారు. రంగంతా చీలమండ ఎత్తులో ఉంటుంది. నీలిపండ్ల పొదలు ముదురు ఎరుపు, పొట్టి బర్చ్ మొక్కలు నారింజ, వాటి మధ్య నల్లటి లావా రాయి, దాని మీద నాచు. వాన పడ్డాక ఆ నాచు ఒక రకమైన నిమ్మపండు ఆకుపచ్చలోకి మారుతుంది, ఎండ పడితే కళ్లు జిగేల్‌మంటాయి. దక్షిణాన విక్ అనే ఊరు దాటాక ఎల్ద్‌హ్రౌన్ అనే లావా మైదానం మీదుగా రోడ్డు వెళ్తుంది. 1783లో లాకి అనే చోట నేల చీలి ఎనిమిది నెలలపాటు కక్కిన లావా అది. ఆ విషవాయువులకి పశువులు చచ్చి, కరువొచ్చి దేశ జనాభాలో ఐదో వంతు దాకా పోయారు. ఇప్పుడు దాని మీద మందంగా నాచు పరుచుకుని ఉంది, రెండున్నర శతాబ్దాలకి అంత మాత్రం వచ్చింది. దాని మీద అడుగు పెడితే ఆ గుర్తు ఏళ్ల తరబడి పోదు, అందుకే దిగి ఫొటోల కోసం తొక్కకండి. రోడ్డు దిగి బండి నడపడం అయితే నేరమే, జరిమానా గట్టిగా ఉంటుంది.

అదే దారిలో ఇంకొంచెం ముందుకెళ్తే స్కేదరార్‌సాందుర్ ఇసుక మైదానం. నాకు ఈ రోడ్డు మొత్తంలో బాగా నచ్చిన చోటు ఇదే, ఎక్కువమంది ఆగకుండా వెళ్లిపోతారు. రింగ్ రోడ్డు ఇక్కడి నదుల మీద వంతెనలు కట్టాకే, 1974లో, పూర్తయింది. అంతకు ముందు ఈ పక్కవాళ్లు ఆ పక్కకి రావాలంటే ఉత్తరం మీదుగా దేశమంతా చుట్టి రావాల్సిందే. 1996లో హిమనదం కింద అగ్నిపర్వతం పేలి, కరిగిన నీరు ఒక్కసారిగా విరుచుకుపడి వంతెనలు కొట్టుకుపోయాయి. మెలితిరిగిన ఇనుప దూలాలు స్కాఫ్తాఫెల్ దగ్గర రోడ్డు పక్కనే పెట్టి ఉంచారు. ఇక పాత పొడుగు వంతెన సంగతి మరీ విచిత్రం. 880 మీటర్ల వంతెన, దాని కింద పారాల్సిన నది దారి మార్చుకుని పక్క నదిలో కలిసిపోయింది. వంతెన మాత్రం పొడి ఇసుక మీద నిలబడి ఉంది. మామయ్యగారు ఇంజనీరింగ్ శాఖలో చేసి రిటైరయ్యారు, జలపాతాల దగ్గర పది నిమిషాలు కూడా నిలబడని మనిషి ఇక్కడ ముప్పావు గంట తిరిగారు. 

సెల్యాలాండ్స్‌ఫోస్, స్కోగాఫోస్ రెండూ అరవై మీటర్ల జలపాతాలు, బాగుంటాయి, కాదనను. ఆకురాలే కాలంలోనూ బస్సులు బస్సులు దిగుతూనే ఉంటాయి. మొదటిదాని వెనక నుంచి నడవచ్చు, నిలువునా తడిసిపోతారు, గొడుగు తీయకండి, గాలికి నిలవదు. రేనిస్‌ఫ్యారా నల్ల ఇసుక బీచిలో నీళ్లకి దూరంగా ఉండండి, ఉన్నట్టుండి పెద్ద అల వచ్చి లాక్కెళ్తుంది, మనుషులు పోయారు. హెచ్చరిక లైట్లు పెట్టారు, వాటిని చూసి కూడా జనం ఫొటోల కోసం ముందుకెళ్తుంటారు, ఏం చెప్పాలి. యోకుల్‌సార్లోన్ మంచు సరస్సు ఎన్నిసార్లు చూసినా విసుగు రాదు. ఆ దక్షిణ తీరమంతా పార్కింగ్‌కి డబ్బులే. గేటుండదు, కెమెరా నంబరు ప్లేటు చదివేస్తుంది, యాప్‌లో కట్టకపోతే తర్వాత అద్దె కంపెనీ వాళ్లు తమ చార్జీ కలిపి మీ కార్డు మీద వేస్తారు.

హెప్న్ అనే ఊరు దాటగానే బస్సులు మాయం. తూర్పు ఫ్యోర్డుల్లో, అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయల దగ్గర, రోడ్డు సముద్రం అంచునే లోపలికెళ్లి బయటికొస్తుంటుంది. ఇక్కడ మ్యాపు మిమ్మల్ని ఓక్సి అనే కనుమ మీదుగా పంపాలని చూస్తుంది, దూరం తగ్గుతుందని. కంకర, నిటారు, పొగమంచు. వాతావరణం తేటగా ఉంటే తప్ప తీరం రోడ్డే పట్టుకోండి. ఎగిల్‌స్టాదిర్ పక్కన హల్లోర్మ్‌స్టాదుర్ అడవి ఉంది, దేశంలోకెల్లా పెద్దది, 1905 నుంచి కాపాడుకుంటూ వస్తున్నారు. బర్చ్ చెట్లు, సైబీరియా నుంచి తెచ్చి పెంచిన లార్చ్ చెట్లు సెప్టెంబరు మూడో వారానికి పసుపెక్కుతాయి, కింద పొడుగాటి సరస్సు. ఇంకా పైకెళ్తే అస్‌బిర్గి. గుర్రపు లాడం ఆకారంలో వంద మీటర్ల ఎత్తు రాతిగోడల లోయ, ఓడిన్ దేవుడి ఎనిమిది కాళ్ల గుర్రం అడుగు పెట్టిన చోటని వాళ్ల కథ, హిమనదం నుంచి వచ్చిన భారీ వరదలు కోసిన చోటని శాస్త్రం. గోడలు గాలిని ఆపేస్తాయి, అందుకే లోపల చెట్లు మనిషిని దాటి పెరిగాయి, రోవన్ చెట్లు ఎర్రగా, బర్చ్ పచ్చగా కాదు, బంగారు పసుపులో. వెళ్లిన ప్రతిసారీ పదిమంది కన్నా ఎక్కువ కనపడలేదు. దెట్టిఫోస్ అక్కడికి దగ్గరే, వంద మీటర్ల వెడల్పున బురద రంగు నీళ్లు, నిలబడితే కాళ్ల కింద నేల అదురుతుంది. మీవాత్న్ సరస్సు దగ్గర వేసవిలో ముక్కులో నోట్లో దూరే చిన్న దోమల మూకలు ఈ కాలానికి బాగా తగ్గిపోతాయి, ఇదొక్కటే చాలు సెప్టెంబరు ఎంచుకోవడానికి. పక్కనే హ్వేరిర్‌లో నేల ఉడుకుతూ గంధకం కంపు. అత్తయ్యగారు కారు దిగలేదు.

సెప్టెంబరులోనే గొర్రెలు కిందికి దిగుతాయి. వేసవంతా కొండల మీద వదిలేసినవాటిని గుర్రాల మీద వెళ్లి తోలుకొచ్చి, గుండ్రటి దొడ్డిలో పోసి, చెవి గుర్తులు చూసి ఎవరివి వాళ్లు తమ గదిలోకి లాక్కుంటారు. రోడ్డంతా గొర్రెలే, కదలడానికి అరగంట పట్టొచ్చు, ఇంజను ఆపేసి కూర్చోండి. ఎవరైనా వెళ్లి చూడొచ్చు, పిల్లలుంటే తప్పకుండా వెళ్లండి.

నార్తర్న్ లైట్స్, అంటే రాత్రి ఆకాశంలో కదిలే రంగుల వెలుగుల కోసమే వెళ్లేవాళ్లకి ఒక మాట. అందరూ ఆ వెలుగులు ఎంత బలంగా రావచ్చో చెప్పే కేపీ అంకె చూస్తారు, నేను మబ్బులు చూస్తాను. వాతావరణ శాఖ వెబ్‌సైట్లో మబ్బుల మ్యాపుంటుంది, తెల్లగా ఉన్నచోట ఆకాశం తేట, ఆకుపచ్చగా ఉన్నచోట మబ్బు. కారుంది కాబట్టి తెల్లగా ఉన్నచోటికి గంట నడిపితే దొరికే అవకాశం ఎక్కువ. ఫోనులో కనపడినంత పచ్చగా కంటికి కనపడదు, చాలాసార్లు ముందు బూడిద రంగు పొగలాగే ఉంటుంది, అది కదలడం మొదలయ్యాక తెలుస్తుంది.

తిండి ఖరీదు. బయట ఒక పూట భోజనానికి పెట్టే డబ్బుతో బోనస్ అనే సూపర్‌మార్కెట్లో, అదే గులాబీ పంది బొమ్మ ఉంటుంది, రెండు రోజుల సరుకులొస్తాయి. ఆలస్యంగా తెరిచి త్వరగా మూస్తారు, టైం చూసుకోండి. మేం చిన్న రైస్ కుక్కర్, పులిహోర పేస్టు, గోంగూర పచ్చడి, కందిపొడి తీసుకెళ్తాం. పెరుగుకి బదులు స్కిర్ అని అక్కడి గట్టి పెరుగు లాంటిది, కొంచెం నీళ్లు కలిపి ఉప్పేస్తే అన్నంలోకి బ్రహ్మాండంగా కుదురుతుంది. గొర్రెమాంసం సూప్ మాత్రం బయట తాగండి, చలిలో దానికి సాటి లేదు. శాకాహారులకి తూర్పున కష్టమే. "ఏంటి బాబూ, రెండు గంటల నుంచి ఒక్క టీ కొట్టు లేదు" అని మామయ్యగారు రోజూ అడిగారు. ఫ్లాస్కు ఉండాల్సిందే. పెట్రోలు సగానికి తగ్గకముందే నింపండి, మనుషుల్లేని బంకుల్లో కార్డుకి పిన్ నంబరు కావాలి.

ప్రతి చిన్న ఊళ్లోనూ వేడినీళ్ల ఈతకొలను ఉంటుంది, పేరుమోసిన స్పాల కన్నా ఎంతో చవక. దిగేముందు బట్టల్లేకుండా సబ్బుతో స్నానం చేయాల్సిందే, అందరిముందూ. మనవాళ్లకి ఇది పెద్ద గండం. రోజంతా గాలికి తిరిగాక నలభై డిగ్రీల నీళ్లలో కూర్చుంటే ఆ సిగ్గు ఏమైందో కూడా గుర్తుండదు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, రోజూ ప్లాను ప్రకారమే జరగాలనేవాళ్లు దీనికి దూరంగా ఉండటం మంచిది. మా ప్లాను ప్రతిసారీ మారింది, పసుపు, నారింజ వాతావరణ హెచ్చరికలొస్తే రోడ్లు మూసేస్తారు, ఒక రోజు గదిలోనే కూర్చోవాలి. అందుకే ఉచితంగా రద్దు చేసుకునే గదులే బుక్ చేయండి. పొద్దున్నే umferdin లాంటి రోడ్ల సైటు చూడకుండా తాళం తిప్పకండి అంటాను నేను, ఉంఫెర్దిన్ అని వెతికితే వస్తుంది, ఏ రోడ్డు తెరిచి ఉంది, ఎక్కడ జారుడుగా ఉంది అన్నీ రంగుల్లో చూపిస్తుంది. ఇంకోటి, ఐర్లండ్, యూకేల్లో ఇండియా పాస్‌పోర్టు మీద ఉండేవాళ్లకి షెంజెన్ వీసా తప్పనిసరి, ఇక్కడి రెసిడెన్స్ కార్డు పనికిరాదు. సెప్టెంబరు ప్రయాణానికి అపాయింట్‌మెంట్ల వేట వేసవి మొదట్లోనే మొదలుపెట్టండి.