కాటా గదికి ఆటమ్, కొట్టు బల్ల మీదికి ఈ-350

చిన్న డబ్బా కంప్యూటర్ సెకండ్‌హ్యాండులో చూస్తుంటే ఈ రెండు ప్రాసెసర్ల పేర్లు ఎదురవుతూనే ఉంటాయి. ఒకటి ఇంటెల్ ఆటమ్ డి525, 2010 జూన్‌లో వచ్చింది. రెండోది ఏఎండీ ఈ-350, 2011 జనవరిది. రెండూ బోర్డుకే అతికించి వస్తాయి కాబట్టి ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవడం కుదరదు, కొంటే బోర్డుతో సహా కొనాలి. వేగం ఒక్కటే చూస్తే ఈ-350దే పైచేయి. కానీ మండపేట వైపు రైసుమిల్లు వేబ్రిడ్జి గదిలో పెట్టేదైతే డి525 తీసుకోవడమే తెలివైన పని. దానికి కారణం వేగం కాదు, ఫ్యాన్.

కాగితం మీద డి525 గట్టిగానే కనిపిస్తుంది. రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లు (అంటే ఒకేసారి నడపగలిగే పనుల వరసలు), 1.8 గిగాహెర్ట్జ్, 13 వాట్లు. ఈ-350కి రెండు కోర్లు, రెండే థ్రెడ్లు, 1.6 గిగాహెర్ట్జ్, 18 వాట్లు. అయినా బ్రౌజర్ తెరిస్తే ఈ-350 ముందుంటుంది. ఆటమ్ ఆదేశాల్ని వచ్చిన వరసలోనే నడుపుతుంది. ఒకదానికి మెమరీ నుంచి డేటా రావడం ఆలస్యమైతే, కాలవ మీద ఒంటి వంతెన మధ్యలో ట్రాక్టర్ ఆగినట్టే, వెనకున్నవన్నీ ఆగుతాయి. ఈ-350 అలా కాదు, సిద్ధంగా ఉన్నదాన్ని ముందు పంపేస్తుంది. ఫైళ్లు జిప్ చేయడం లాంటి, నాలుగు థ్రెడ్లకీ పంచగలిగిన పనిలో మాత్రం డి525 తేరుకుంటుంది. అన్నట్టు, 2018లో బయటపడ్డ, ప్రాసెసర్ల నుంచి రహస్య డేటా లాగనిచ్చే మెల్ట్‌డౌన్, స్పెక్టర్ లోపాలు డి525కి అంటకపోవడానికి కారణం కూడా ఈ వరస పద్ధతే.

కరెంటు బిల్లు గురించి బెంగ అక్కర్లేదు. రెండింటినీ పూర్తి భారంతో రోజంతా నడిపినా 5 వాట్ల తేడా నెలకి 3.6 యూనిట్లే అవుతుంది.

వీడియో దగ్గర మాత్రం పోలికే లేదు. డి525లోని జీఎంఏ 3150 గ్రాఫిక్స్‌కి హెచ్.264 (వీడియోని కుదించి పంపే ఒక పద్ధతి) విప్పే సత్తా లేదు. ఆ భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది, ఫుల్ హెచ్‌డీ వీడియో నత్తి కొడుతుంది. ఈ-350లోని రేడియాన్ హెచ్‌డీ 6310 హెచ్.264ని సులువుగా విప్పుతుంది. అయితే యూట్యూబ్ ఇప్పుడు ఎక్కువగా వీపీ9, ఏవీ1 అనే కొత్త పద్ధతుల్లోనే పంపుతుంది, ఆ రెండూ దీనికి రావు. బ్రౌజర్‌లో హెచ్.264నే అడిగే ఎక్స్‌టెన్షన్ వేసుకోవాలి. రొయ్యల చెరువు గట్టు మీది కెమెరాలు చూసుకోవడానికి కొనేవాళ్లు ఇదే గుర్తుపెట్టుకోవాలి. కెమెరా హెచ్.265లో ఉంటే రెండు ప్రాసెసర్లూ చేతులెత్తేస్తాయి. కెమెరా సెట్టింగుల్లోకి వెళ్లి హెచ్.264కి మార్చి, నాలుగు బొమ్మలు ఒకేసారి చూసేటప్పుడు మెయిన్ స్ట్రీమ్ కాకుండా తక్కువ నాణ్యతతో వచ్చే సబ్ స్ట్రీమ్ పెడితే ఈ-350 మీద సాఫీగా నడుస్తుంది.

ఇక అసలు సంగతి. ఇంటెల్ సొంత డి525ఎండబ్ల్యూ లాంటి బోర్డులకి ప్రాసెసర్ మీద ఫ్యాన్ ఉండదు, వేడి లాగే లోహపు దిమ్మ, అంటే హీట్‌సింక్ ఒక్కటే. ఈ-350 బోర్డుల్లో ఎక్కువ వాటికి చిన్న ఫ్యాన్ ఉంటుంది. మాసూళ్ల రోజుల్లో మిల్లు గదిలో ఊకదుమ్ము, తవుడు గాలిలోనే తేలుతుంటాయి. తవుడులో నూనె ఉంటుంది కాబట్టి అది మామూలు దుమ్ములా ఊదితే పోదు, రెక్కలకి జిడ్డులా పట్టుకుంటుంది. ముందు ఫ్యాన్ గీరుమంటుంది, తర్వాత ఆగుతుంది. వేడెక్కిన ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ చల్లబడకపోతే మిషను తనంతట తనే ఆగిపోతుంది. లారీలు వరసలో ఉన్నప్పుడే ఇది జరుగుతుంది, ఎందుకంటే దుమ్ము లేచేదీ అప్పుడే. ఈ-350నే పెట్టాలనుకుంటే ఫ్యాన్ లేకుండా పెద్ద హీట్‌సింక్‌తో వచ్చిన బోర్డు వెతకండి. దొరక్కపోతే సార్వాకి ముందొకసారి, దాళ్వాకి ముందొకసారి ఫ్యాన్ విప్పి, రెక్కల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ప్రాసెసర్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య ఉన్న పాత పేస్టు గీకేసి బియ్యపుగింజంత కొత్తది పెట్టాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు రెక్కల్ని వేలితో పట్టుకోండి. లేకపోతే ఫ్యాన్ హద్దు మీరి తిరిగి బేరింగ్ పోతుంది. డి525కి ఫ్యాన్ లేదు కదా అని డబ్బాని బీరువాలో మూసిపెట్టడమూ తప్పే. హీట్‌సింక్ చుట్టూ గాలి ఆడాలి.

నరసాపురం, అంతర్వేది వైపు బాధ వేరు, అక్కడ ఉప్పుగాలి. ఆన్ చేస్తే బీప్ బీప్‌మని బొమ్మ రాకపోతే బోర్డు పోయిందని కంగారుపడకండి. ర్యామ్ తీసి, దాని బంగారు పళ్లని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు దులిపి, రెండు పక్కలా టక్కుమనేదాకా నొక్కండి. చాలాసార్లు అంతటితో బొమ్మ వచ్చేస్తుంది.

వేబ్రిడ్జి ఇండికేటర్‌ని (తూకం అంకెలు చూపే డబ్బాని) సీరియల్ పోర్టుకే, అంటే కామ్ పోర్టుకే కలపాలి. బోర్డు మీద కామ్ పోర్టు ఉందో లేదో కొనేముందే చూసుకోండి. కొన్నిటిలో వెనక సాకెట్ కనిపించదు గానీ లోపల 9 పిన్నుల హెడర్ ఉంటుంది, చిన్న బ్రాకెట్ కేబుల్ వేస్తే సరి. ఆ పోర్టు బదులు వాడే చౌక యూఎస్‌బీ కన్వర్టర్లలో నకిలీ చిప్పులుంటాయి. విండోస్ కొత్త డ్రైవర్ వేసుకోగానే అవి కోడ్ 10 అనే లోపం చూపించి పడుకుంటాయి. తూకం తెర మీద పిచ్చి అక్షరాలుగా వస్తే బాడ్ రేటు (డేటా పంపే వేగం) ఇండికేటర్‌తో సరిపోలేదన్నమాట. దానికి ప్రాసెసర్‌ని తిట్టి లాభం లేదు.

ర్యామ్ దగ్గర పొరపాటు పడేవాళ్లు ఎక్కువ. డి525 బోర్డులు చాలావాటికి ల్యాప్‌టాప్‌లో వేసే పొట్టి డీడీఆర్3 కావాలి, గరిష్ఠం 4 జీబీ. ఈ-350 డెస్క్‌టాప్ బోర్డులు చాలావాటికి మామూలు పొడుగు డీడీఆర్3 సరిపోతుంది, 8 జీబీ దాకా వేసుకోవచ్చు. జీఎస్టీ పోర్టల్, ఈ-వే బిల్లు, వాట్సాప్ వెబ్ ఒకేసారి తెరిచి ఉంచే ఎరువుల కొట్టుకి ఈ తేడా రోజూ తెలుస్తుంది. అక్కడ డి525 పెడితే రైతు నిలబడి చూస్తుండగా గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. దేనికైనా పాత హార్డ్‌డిస్క్ తీసి 120 జీబీ ఎస్ఎస్‌డీ వేయడం తప్పదు. ఖరీదైనది దండగ, డి525లో డిస్క్ తగిలించే సాటా పోర్టు సెకనుకి 3 గిగాబిట్ల దగ్గరే ఆగుతుంది. సిస్టమ్ ఎక్కించకముందే బయోస్‌లో (ఆన్ కాగానే వచ్చే బోర్డు సెట్టింగుల్లో) డిస్క్ నడిపే పద్ధతి ఐడీఈ తీసేసి ఏహెచ్‌సీఐ పెట్టండి. తర్వాత మారిస్తే విండోస్ నీలితెర చూపిస్తుంది.

విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది, 11 ఈ రెండింటికీ లేదు. ఇంటర్నెట్ తగిలించని కాటా మిషనులో పాత విండోస్ ఉంచుకోవచ్చు. నెట్ వాడే కొట్టుకి లినక్స్‌లో డెబియన్ 12, తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ బాగా కుదురుతాయి. అల్మా, రాకీ లినక్స్ 9వ వెర్షన్లు వీటిమీద ఎక్కవు, వాటికి కావాల్సిన ఎస్ఎస్ఈ 4.2 ఆదేశాలు రెండింటిలోనూ లేవు. ఈ-350లో లినక్స్ వేశాక తెర మసకగా, తక్కువ రిజల్యూషన్‌లో ఆగిపోతే ఏఎండీ గ్రాఫిక్స్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ పడలేదని అర్థం.

బేరం తెగేముందు మూత తీయించి కెపాసిటర్ల తలలు చూడండి. ఉబ్బితే వదిలేయండి. 12 వోల్టుల అడాప్టర్‌తో నడిచేదైతే దాన్నీ అరగంట నడిపించి చూడాలి. చెరువుల మీద ఏరేటర్లు ఒక్కసారిగా వేసినప్పుడు పడే వోల్టేజికి ముందు చచ్చేది అదే. బోర్డు మీద గడియారాన్ని నిలిపే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అడక్కుండానే మార్చేయండి. అది అయిపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ పదిహేనేళ్లు వెనక్కి వెళ్తుంది, పోర్టల్ సర్టిఫికెట్ బాగోలేదని తెరుచుకోదు, కాటా చీటీ మీద పాత సంవత్సరం పడుతుంది. చివరిగా బయోస్‌లో కరెంటు వచ్చాక తనే ఆన్ అయ్యే సెట్టింగు పెట్టుకుంటే తెల్లవారుజామున మొదటి లారీ వచ్చేసరికి మిషను సిద్ధంగా ఉంటుంది.