వెల్‌నెస్ కోచ్‌ని ఎంచుకోవడం: ఏడాదిన్నర వాడాక విజయవాడ నుంచి సమీక్ష

ఈ సమీక్ష మూడు రకాల కోచింగ్ గురించి. ఒకటి, పటమటలో ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడే డైటీషియన్ కోచ్. రెండోది, వేరే రాష్ట్రం నుంచి ఫోన్ యాప్‌లో మాట్లాడే కోచ్. మూడోది, పొద్దున్నే షేక్ తాగించి బరువు చూసే న్యూట్రిషన్ క్లబ్బు. మూడింటికీ డబ్బు కట్టి, ఇంట్లో ఇద్దరం కలిపి ఏడాదిన్నర వాడాం. ఒకరికి షుగర్ హద్దు మీద ఉంది, ఇంకొకరికి నడుము చుట్టూ కొవ్వు, మోకాలి నొప్పి. అయిదు మార్కులకు మొదటిదానికి నాలుగున్నర, రెండోదానికి రెండు, మూడోదానికి సున్నా. ఫీజులో పెద్ద తేడా లేదు. చార్ట్ చేతిలో పెట్టేముందు వాళ్లు ఏమేం అడిగారన్న దగ్గరే తేడా అంతా వచ్చింది.

పటమట కోచ్ అడిగిన మొదటి ప్రశ్న నూనె ప్యాకెట్ల గురించి. నెలకు ఎన్ని లీటర్లు కొంటారు, ఎంతమంది తింటారు? నలుగురికి నాలుగు లీటర్లంటే మనిషికి రోజుకు 33 మిల్లీలీటర్లు. ఒక్క నూనెలోనే దాదాపు 270 కేలరీలు. దాన్ని రెండున్నర లీటర్లకు దింపితే రోజుకు 21 మిల్లీలీటర్లు, అంటే నూరు కేలరీల తేడా. కిలో కొవ్వుకు సుమారు 7,700 కేలరీలని లెక్కేస్తే 77 రోజులకు ఒక కిలో. కాగితం మీద ఉన్నంత కచ్చితంగా ఒంటి మీద పనిచేయదనుకోండి, బరువు తగ్గేకొద్దీ ఒళ్లు ఖర్చుపెట్టే కేలరీలూ తగ్గుతాయి. కానీ సరుకుల చీటీలో ఒక్క అంకె మారిస్తే ఇంటిల్లిపాదికీ మారుతుంది, ఒకరి కోసం వేరే వండక్కర్లేదు. ఆవిడ చెప్పిన పద్ధతి ఇదీ: ఒకటో తారీఖున రెండున్నర లీటర్లూ విడిగా పెట్టేయాలి, తాలింపుకు గరిటె మానేసి చెంచాతో కొలవాలి, వేపుడు కూరలు ముందు మూతపెట్టి మగ్గనిచ్చి చివర్లో నూనె వేయాలి. మూడో వారంలో నూనె అయిపోయి ఇంకో ప్యాకెట్ తెచ్చుకోవడం దగ్గరే ఇది చెడుతుంది. పండగ నెలకు అరలీటరు ముందే కలిపి రాసుకోమన్నది అందుకే.

రెండో ప్రశ్న పప్పు గురించి. రోజూ పప్పు తింటున్నాం కదా, ప్రొటీన్ సరిపోతుందనుకుంటాం. మనిషి వంతుకు 25 గ్రాముల కందిపప్పు పడితే అందులో ప్రొటీన్ ఐదారు గ్రాములే. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు కావాలి, 70 కిలోల మనిషికి 58 గ్రాములు. అన్నంలో, టిఫినులో కొంత వస్తుంది, మిగతాది పూడ్చుకోవాలి. 50 గ్రాముల పెసలు నానబోసి అట్లు వేస్తే 12 గ్రాములు, ఒక గుడ్డుకు ఆరు, నూరు గ్రాముల పెరుగుకు మూడు, మూడున్నర. పెసరట్టులో ఉప్మా తీసేసి అల్లం పచ్చడి మాత్రం ఉంచుకోమన్నారు. ఇడ్లీ రోజున సాంబారు గట్టిగా, చట్నీ వేయించిన శనగపప్పుతో. అంతా మన వంటింట్లో ఉన్నదే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఈ లెక్క వర్తించదు, అందుకే క్రియాటినిన్ రిపోర్టు చూశాకే ఆవిడ ఈ అంకె రాశారు.

మూడో ప్రశ్న, అన్నిటికన్నా ముఖ్యమైనది: ఏ మాత్రలు వాడుతున్నారు, ఏ వేళకు? ఈ ప్రశ్న అడగని కోచ్‌కి ఒక్క రూపాయి కూడా కట్టకండి. షుగర్‌కి గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలో ఇన్సులినో తీసుకునేవాళ్లు డాక్టరును అడగకుండా 16 గంటలు పస్తు ఉంటే షుగర్ పడిపోతుంది, చెమటలు పట్టి కళ్లు తిరుగుతాయి, స్పృహ కూడా తప్పొచ్చు. మన దగ్గర కార్తీక సోమవారాలు, శనివారం ఉపవాసాలు ఉంటాయి కాబట్టి వాటి సంగతి కూడా అడగాలి. థైరాయిడ్ మాత్రదీ అంతే: పరగడుపున నీళ్లతో వేసుకుని, 30 నుంచి 60 నిమిషాలు ఆగి కాఫీ తాగాలి, కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటలు ఎడం ఉండాలి. కోచ్ పని ఈ వేళలు గమనించి డాక్టరు దగ్గరకు పంపడం వరకే. మాత్ర తగ్గించమనో ఆపమనో చెబితే ఆ రోజే మానేయండి.

ఇక లక్ష్యం. "బరువు తగ్గాలి", "హెల్దీగా ఉండాలి" అని వెళ్తే ఎవరైనా ఏదో ఒక ప్యాకేజీ అంటగడతారు. ఒక కొలత, ఒక గడువు రాసుకుని వెళ్లండి. ఉదాహరణకు "మూడు నెలల్లో నడుము 98 నుంచి 94 సెంటీమీటర్లకు". భారతీయులకు మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. టేపు బెల్టు దగ్గర పెట్టకూడదు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి లాగకుండా కొలవాలి. షుగర్ లక్ష్యమైతే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష, శాతంలో: 5.7 లోపు మామూలు, 5.7 నుంచి 6.4 హద్దు మీద, 6.5 నుంచి షుగర్. అది గత రెండు మూడు నెలల సగటును చూపిస్తుంది కాబట్టి నెలకే మళ్లీ చేయించడం డబ్బు దండగ. రక్తహీనత ఉంటే ఆ అంకె తప్పు చూపొచ్చు, హిమోగ్లోబిన్ కూడా చూడాలి.

లక్ష్యాన్ని బట్టి మనిషి మారాలి. షుగర్, బీపీ ఉంటే డాక్టరు ఒకవైపు, డైటెటిక్స్ చదివిన కోచ్ ఒకవైపు. మోకాలి నొప్పి ఉంటే ముందు ఫిజియోథెరపిస్టు, ఆ తర్వాతే కోచ్. నిద్ర సరిగ్గా పట్టనివాళ్లను గురక పెడతారా, పగలు కునుకు పడుతుందా అని అడగాలి, ఎందుకంటే గురకతో ఊపిరి ఆగే జబ్బును ఏ ధ్యానమూ తగ్గించదు. రెండు వారాలకు మించి మనసు కుంగి ఉంటే అది వెల్‌నెస్ కోచ్ చేతిలోని పని కాదు, సైకియాట్రిస్టునో సైకాలజిస్టునో కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు.

యాప్ కోచ్‌కి చదువు ఉంది, మర్యాద ఉంది. చార్ట్ మాత్రం అందరికీ పంపేదే: ఓట్స్, బ్రకోలీ, అవకాడో. మే నెలలో పొద్దున ఎనిమిదింటికి 45 నిమిషాలు చురుగ్గా నడవమన్నారు. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారే, ఆ ఎండ సంగతి విజయవాడలో ఉన్నవాళ్లకే తెలుస్తుంది. ఇక్కడ వేసవిలో ఐదింటికి మొదలుపెట్టి ఆరున్నరకల్లా ఇంటికి చేరాలి, బందరు రోడ్డు స్టేడియంలోనైనా, కాలవ గట్టు మీదైనా. వారానికి 150 నిమిషాల నడక, రెండు రోజులు కండలకు పని అన్న లెక్క మంచిదే, వేళలు మన ఊరికి అమరాలి. ఆవకాయ పూర్తిగా బంద్ అన్నారు. అది వారం కూడా నిలవలేదు. పటమట కోచ్ ఒక ముక్క ఉంచి, ఆ పూట అప్పడం, ఉప్పు మజ్జిగ తీసేయమన్నారు. రోజుకు ఉప్పు మొత్తం ఐదు గ్రాముల్లోపు అన్నది లక్ష్యం కాబట్టి మిగతా చోట్ల కోత పెట్టారు. అది ఇప్పటికీ నడుస్తోంది.

క్లబ్బులో సున్నా ఎందుకంటే, అక్కడ అడిగిన ప్రశ్న ఒక్కటే: ఏ ఫ్లేవర్? రెండో నెలలో "మీరూ నలుగుర్ని చేర్పించండి" మొదలైంది. డబ్బా మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు చూపించి ప్రభుత్వం ఒప్పుకున్న మందు అన్నారు. ఆ నంబరు ఆహారం తయారుచేసి అమ్ముకునే లైసెన్సుది, బరువు తగ్గిస్తుందన్న హామీకి దానితో సంబంధం లేదు. అక్కడి బరువు మెషీన్ చూపించే కొవ్వు శాతాన్నీ నమ్మి మురిసిపోకండి, దిగులూ పడకండి. అది ఒంట్లోకి చిన్న కరెంటు పంపి, నీటిని బట్టి అంచనా కడుతుంది. చెమటపట్టి వచ్చాక ఒకలా, నీళ్లు తాగాక ఒకలా చూపిస్తుంది. చూసుకోవాలంటే ఎప్పుడూ ఒకే వేళకు, పరగడుపున, బాత్రూముకు వెళ్లొచ్చాక చూసుకోవాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఆ మెషీన్ ఎక్కకూడదు. ముందు ఫొటో, తర్వాత ఫొటో అడగకుండా వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు, అదొక బాధ. చేరేముందే "మా ఫొటోలు, రిపోర్టులు ఎక్కడా పెట్టొద్దు" అని మెసేజ్‌లో రాసి ఉంచుకోండి.

కోచ్ అసలు రంగు నాలుగో వారంలో తెలుస్తుంది. ఉత్సాహం తగ్గి, ఏదో పెళ్లి వచ్చి, మూడు రోజులు అన్నీ తప్పుతాయి. అప్పుడు ఏమంటారో వినండి. యాప్‌లో "యూ కెన్ డూ ఇట్" అని బొమ్మ వచ్చింది. పటమటలో "ఏ పూట తప్పింది, అప్పుడు ఇంట్లో ఏం ఉంది?" అని అడిగారు. సాయంత్రం ఆరింటికి ఆకలేసి పునుగుల బండి దగ్గర ఆగడమని తేలింది. నాలుగున్నరకు గుప్పెడు వేయించిన శనగలు, మజ్జిగ పెట్టారు. చార్ట్‌లో మిగతా ఏదీ ముట్టుకోలేదు. ఆ ఒక్క మార్పుతోనే తర్వాతి నెల గాడిలో పడింది.

డబ్బు విషయం. ఏడాది ప్యాకేజీకి తగ్గింపు ఇస్తామంటారు, కట్టొద్దు. మొదట ఒక్క సెషన్, నచ్చితే నెల, ఆ తర్వాత మూడు నెలలు. ఎన్ని సెషన్లు, ఎన్ని నిమిషాలు, మెసేజ్‌కి ఎన్ని గంటల్లో జవాబు, మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారు: ఈ నాలుగూ బిల్లు మీదో మెసేజ్‌లోనో రాయించుకోండి. క్లబ్బులో బిల్లు తీసుకోనందుకు మిగిలిన డబ్బు రాలేదు. బిల్లు ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయొచ్చు.

గుంటూరు వాళ్లు నెలకోసారి 35 కిలోమీటర్లు రావడం కుదురుతుంది గానీ వారం వారం కష్టం. మొదటి సెషన్ ఎదురుగా, మిగతావి వీడియోలో అని మాట్లాడుకుంటే సరిపోతుంది. మొదటిదానికి మాత్రం మాత్రల డబ్బా, ఆరు నెలల్లోపు రిపోర్టులు, నెల సరుకుల చీటీ పట్టుకెళ్లండి. మా ఇంట్లో ఇప్పుడు మూడు నెలలకు ఒక అరగంట సెషనే తీసుకుంటున్నాం, హెచ్‌బీఏ1సీ రిపోర్టు వచ్చిన వారంలో. నూనె ఇంకా రెండున్నర లీటర్ల దగ్గరే ఉంది.