3ఎస్ 2200 లైపో ప్యాక్: రెండేళ్ల వాడకంలో ఎక్కడ వేడెక్కింది, ఎందుకు

కాలేజీ రోబోటిక్స్ ల్యాబుల్లో తరచుగా కనిపించే లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ఇది. మూడు సెల్స్, 11.1 వోల్టులు, 2200 ఎంఏహెచ్, మీద 30సి అని ముద్ర, ఎక్స్‌టీ60 కనెక్టర్, పక్కన ఒక్కో సెల్‌ని విడిగా చూసేందుకు నాలుగు పిన్నుల తెల్ల బ్యాలెన్స్ ప్లగ్. లైన్ ఫాలోయర్ నుంచి రోబో సాకర్ దాకా వీటినే ఆరు ప్యాక్‌లు మార్చి మార్చి వాడాం. రెండు ఉబ్బి పక్కకు పోయాయి. ఆ రెండూ ఒకే సాకర్ రోబోలో తిరిగినవే. ప్యాక్ మీద మా మొదటి ఫిర్యాదు అక్కడే ఆగిపోయింది. వేడి ప్యాక్‌లో కనిపిస్తుంది గానీ, పుట్టించేది ఎక్కువగా దాని ముందున్న సర్క్యూటే.

ముందు ఆ 30సి సంగతి. సామర్థ్యానికి ముప్పై రెట్ల కరెంటు ఇవ్వగలదని దాని అర్థం. 2200 ఎంఏహెచ్ అంటే 2.2 ఆంపియర్ అవర్లు, ఆ 2.2ని 30తో గుణిస్తే 66 ఆంపియర్లు. కాగితం మీద మాట అది. నడిపేటప్పుడు సగానికి మించి నమ్మకూడదు. కొత్త ప్యాక్‌లో సెల్‌కు 8 మిల్లీఓమ్‌ల అంతర్గత నిరోధం ఉందనుకుంటే మూడింటికి 24. 10 ఆంపియర్లు లాగితే లోపల పుట్టే వేడి 2.4 వాట్లు, చేతికి తెలియదు కూడా. 20 లాగితే 9.6. 30 లాగితే 21.6 వాట్లు. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌ని ఇంచుమించు 180 గ్రాముల ప్యాక్ కడుపులో పెట్టినట్టే. నిమిషానికి సుమారు 7 డిగ్రీలు ఎక్కుతుంది. కరెంటు మూడింతలైతే వేడి తొమ్మిదింతలవుతుందన్నది పిల్లలు పరీక్షలో రాస్తారు, రోబో దగ్గర మర్చిపోతారు. ప్యాక్ పాతబడి సెల్ నిరోధం 16కి చేరితే అదే రోబోలో వేడి రెట్టింపు. అందుకే నెలకోసారి ఛార్జర్‌లో నిరోధం చూసి, ప్యాక్ మీద అంటించిన తెల్ల టేపు మీద తేదీతో రాయడం అలవాటు చేశాం. ఒక సెల్ మిగతా రెండింటికంటే బాగా ఎక్కువ చూపిస్తే ఆ ప్యాక్ ఇక సాకర్‌కి పోదు, లైన్ ఫాలోయర్‌కే.

30 ఆంపియర్లు ఎక్కణ్ణుంచి వస్తాయి? నాలుగు జాన్సన్ గేర్ మోటార్లు, చక్రం కదలకుండా ఆగిపోతే ఒక్కోటి 7.5 ఆంపియర్ల దాకా లాగుతుంది. సాకర్‌లో రోబో గోడకు ఆనుకుని నెడుతూనే ఉంటుంది, జాయ్‌స్టిక్ వదలడానికి ఎవరికీ మనసొప్పదు. మోటార్లకు కరెంటు అందించే బీటీఎస్7960 డ్రైవర్ బోర్డు మీద 43 ఆంపియర్లని రాసి ఉంటుంది కాబట్టి అది అడ్డు చెప్పదు. ఎల్298ఎన్ అనే చిన్న డ్రైవర్ అయితే ముందు అదే మాడి ప్యాక్‌ని కాపాడుతుంది, అదొక రకం సేవ. మందు కోడ్‌లో ఉంది. పీడబ్ల్యూఎం (మోటార్‌కి ఎంత పవర్ వెళ్లాలో కోడ్‌లో చెప్పే సంఖ్య) గరిష్ఠాన్ని 255 బదులు 180కి కట్టేస్తే ఆగిన మోటార్ లాగే కరెంటు కూడా ఆ నిష్పత్తిలోనే దిగుతుంది. రోబో కొంచెం నెమ్మదిస్తుంది, ప్యాక్ బతుకుతుంది.

ఫ్యూజ్ గురించి ఒక అపోహ ఉంది. 20 ఆంపియర్ల కార్ బ్లేడ్ ఫ్యూజ్ 20 దాటగానే పోదు. 27 దగ్గర కూడా నిమిషాల తరబడి నిలవగలదు. అది షార్ట్ నుంచి కాపాడేదే గానీ, గోడను నెట్టే రోబో నుంచి కాదు. నాలుగు మోటార్ల రోబోకి 15 ఆంపియర్లది వేస్తే, 30 దగ్గర అయిదు సెకన్ల లోపే ఊడుతుంది. ఆటో ఎలక్ట్రీషియన్ దుకాణాల్లో చిల్లర డబ్బులకే దొరుకుతుంది. పాజిటివ్ తీగ మీద, ప్యాక్‌కి జానెడు లోపలే పెట్టాలి. దూరంగా పెడితే మధ్యలో ఒరుసుకుపోయిన తీగకు కాపలా ఉండదు.

మమ్మల్ని ఎక్కువ తిప్పలు పెట్టింది కనెక్టరే. ఆట ఆపగానే ముందు ప్యాక్‌ని కాదు, ఎక్స్‌టీ60ని పట్టుకుని చూడండి. ప్యాక్ గోరువెచ్చగా ఉండి కనెక్టర్ చురుక్కుమంటే సోల్డరింగ్ వదులైందని అర్థం. ఆ వేడి రాగితీగ వెంబడి సెల్ ట్యాబ్‌ల (సెల్ నుంచి బయటికొచ్చే లోహపు రేకుల) దాకా పాకుతుంది. సోల్డర్ చేసేటప్పుడు ఎదుటి ముక్కను గుచ్చి ఉంచి చేయాలి. లేకపోతే ప్లాస్టిక్ మెత్తబడి పిన్ను పక్కకు వాలుతుంది, ఆ తర్వాత అది ఎప్పటికీ సరిగ్గా అమరదు. ప్యాక్ వైపు కనెక్టర్ మారుస్తుంటే రెండు తీగలూ ఒకేసారి కత్తిరించకండి, షార్ట్ అవుతుంది. ఒకటి కోసి, అతికి, స్లీవ్ ఎక్కించాకే రెండోది.

ఉష్ణోగ్రత చూడ్డానికి ఎల్ఎమ్35 సెన్సర్ చాలు. ప్యాక్ వెడల్పు వైపు సరిగ్గా నడుమ వేడికి తట్టుకునే కాప్టన్ టేపుతో అదిమి అంటించి ఆర్డుయినో అనలాగ్ పిన్నుకి కలిపాం. డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది. 50 దగ్గర బజర్, 60 దగ్గర మోటార్లు బంద్. పైన తాకిన వేడి కంటే నడిమి సెల్ లోపలి వేడి ఎక్కువ, అందుకే ఆపేశాక కూడా రీడింగ్ కాసేపు ఎక్కుతూనే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డులో గాలే 40 దాటితే మనకు మిగిలేది 10 డిగ్రీలే.

ఛార్జింగ్‌లో నియమాలు కొన్నే, వాటికి మినహాయింపు లేదు. సెల్స్‌ని సమానం చేసే బ్యాలెన్స్ మోడ్‌లోనే, 2.2 ఆంపియర్ల లోపే, ప్యాక్ చల్లబడ్డాకే. సెల్ 3 వోల్టుల కిందికి దిగిపోయిన ప్యాక్‌ని ఛార్జర్‌లో నికెల్ బ్యాటరీల మోడ్‌లో పెట్టి లేపే చిట్కా ఒకటి ప్రచారంలో ఉంది. మరీ లోతుకు దిగిన సెల్‌లో లోపలి రాగిరేకు కరిగి, మళ్లీ ఛార్జ్ చేసినప్పుడు పేరుకుని లోపలే షార్ట్ కావచ్చు. దాని జోలికి పోవద్దు. లైపో సంచి మంటను ఆలస్యం చేస్తుంది, పొగను ఆపదు. కాబట్టి సిరామిక్ టైల్ మీద, కిటికీ పక్కన, ద్వారానికి దూరంగా పెట్టి, మనిషి ఉన్నప్పుడే ఛార్జ్ చేయాలి. బ్యాలెన్స్ ప్లగ్‌కి గుచ్చే వోల్టేజ్ బజర్ సెల్‌కు 3.5 వోల్టులకి సెట్ చేస్తే బాగా పనిచేస్తుంది గానీ, రాత్రంతా వదిలేస్తే అదే ప్యాక్‌ని పీల్చేస్తుంది, అదీ అన్ని సెల్స్‌నీ సమానంగా కాదు.

సెమిస్టర్ సెలవులకు ముందు ఫుల్ ఛార్జ్ చేసి బీరువాలో పెట్టి వెళ్లడం ఉబ్బడానికి దగ్గరి దారి. సెల్‌కు 3.8, అంటే మొత్తం 11.4 వోల్టుల దగ్గర వదిలి వెళ్లాలి.

ఉబ్బు తొలిదశలో కంటికి కనిపించదు. ప్యాక్‌ని చదునైన బల్ల మీద పెట్టి ఒక మూల నొక్కితే ఊగుతుంది. తర్వాత నడుమ బొటనవేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోతుంది. నెయిల్ పాలిష్ రిమూవర్‌లాంటి తియ్యటి వాసన వస్తే సెల్ లీకైనట్టే. వెంటనే బయటికి, ఇసుక బక్కెట్టులోకి. పొగ మొదలైతే ముందు మనుషులు బయటికి వెళ్లాలి, అందులో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటుంది. పౌడర్ సిలిండర్ మంటను కొడుతుంది గానీ సెల్‌ని చల్లార్చదు, మళ్లీ అంటుకుంటుంది. దూరం నుంచి బాగా నీళ్లు పోస్తే చల్లబడుతుంది.

మళ్లీ కొంటామా? సగటున 10 ఆంపియర్ల లోపు రోబోలకు తప్పకుండా. నెట్టుకునే రోబోకైతే కొనం. దానికి నాలుగు సెల్స్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాక్‌కి మారిపోయాం. బరువు ఎక్కువ, వేరే మోడ్‌లో 14.6 వోల్టుల దాకా ఛార్జ్ చేయాలి, కానీ వేడికి చాలా ఓర్చుకుంటుంది.

మరీ ఉబ్బని, లీకు లేని పాత ప్యాక్‌లను ఆరుబయట 21 వాట్ల కార్ ఇండికేటర్ బల్బుకి కలిపి ఖాళీ చేస్తాం. 11.4 దగ్గర ఉన్నది ముప్పావుగంటలో బల్బుని ఎర్రగా మసకబారుస్తుంది. పూర్తిగా ఆరేదాకా ఉంచి, కనెక్టర్‌కి టేపు చుట్టి ఈ-వేస్ట్ సేకరణకు ఇస్తాం. కొందరు చేసినట్టు ఉప్పునీళ్లలో వేస్తే ముందు ట్యాబ్‌లు తుప్పు పట్టి ఊడిపోతాయి, ఛార్జ్ మాత్రం లోపలే ఉండిపోతుంది.