వెదురు పుచ్చుకు బోరాక్స్, బోరిక్ యాసిడ్ పొడులు: ఎక్కడ పనిచేస్తాయి, ఎక్కడ చేయవు

వెదురు సామాను కింద మైదాలాంటి మెత్తటి పొడి రాలుతుంటే అది చాలావరకు డైనోడెరస్ మైన్యూటస్ పనే. 3 మిల్లీమీటర్ల ముదురు గోధుమరంగు పురుగు. నరికిన చివరల నుంచి, గాట్ల నుంచి లోపలికి దూరి గుడ్లు పెడుతుంది. లార్వాలు వెదురులోని పిండిపదార్థం కోసం గోడను తొలుస్తాయి.

పైన చల్లే మందులు నునుపైన వెదురు తొక్కను దాటవు. బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు నయం, కానీ వెదురును వాటిలో నానబెడితేనే. 100 లీటర్ల నీటికి బోరాక్స్ 3 కిలోలు, బోరిక్ యాసిడ్ 2 కిలోలు. ముందు వేడినీళ్లలో కరిగించాలి, లేకపోతే పొడి అడుగున పేరుకుని పాళ్లు తప్పుతాయి. చీల్చని నిండు బొంగైతే కణుపుల అడ్డుగోడలకు పొడవాటి చువ్వతో చిల్లులు పొడిచి వారం పైనే ముంచి ఉంచాలి. చీల్చిన బద్దలకు అంతకంటే తక్కువ చాలు. తర్వాత నీడలోనే ఆరబెట్టాలి.

పెద్ద లోపం ఒకటుంది: వానకు మందు కరిగి పోతుంది. కంచెలకు, పందిళ్లకు దండగ. అన్నం వార్చే బుట్టలకు, చాటలకు అసలే వాడొద్దు. వానలు వెళ్లాక, పిండిపదార్థం తగ్గిన కాలంలో నరికిన ముదురు వెదురును ఎంచుకుంటే సగం బెడద ముందే తప్పుతుంది.