క్రిస్మస్ బీరు కోసం బెల్జియం వెళ్తే బస మెహెలెన్‌లోనే

డిసెంబరులో మసాలా బీర్ల రుచి చూడాలని బెల్జియం వెళ్లేవారు ఎక్కువగా బ్రస్సెల్స్‌లోనే గది తీసుకుంటారు. అక్కడి నుంచి రైల్లో అరగంటలోపే చేరుకునే మెహెలెన్‌లో ఉండమని నా సలహా. ఆ ఊళ్లో హెట్ ఆంకర్ అనే బ్రూవరీ (బీరు తయారుచేసే చోటు) ఆవరణలోనే హోటల్ ఉంది. స్టేషను నుంచి కాస్త దూరమే అయినా నడిచి వెళ్లడం మంచిది. కలిసి భక్తిజీవితం గడిపిన బెగైన్‌లు అనే క్రైస్తవ స్త్రీలు నివసించిన పాత వీధులు దారిలోనే వస్తాయి.

ఇక్కడి గౌడెన్ కరోలుస్ క్రిస్మస్ బీరును ఆగస్టులోనే కాచి, కొన్ని నెలలు మాగనిస్తారు. ఆల్కహాలు 10.5 శాతం. ఆరు రకాల మూలికలు, దినుసులు పడతాయి. ముదురు ఎరుపు రంగు, దట్టమైన నురగ. మొదటి గుక్కలో ఎండు ద్రాక్ష, పాకం తీపి తెలుస్తాయి. ఆ తరువాత సోంపు, అతిమధురం మెల్లగా పైకి వస్తాయి. గ్లాసు చేతిలో కొంచెం వెచ్చబడ్డాక ఆ వాసన రెట్టింపవుతుంది. అందుకే దీన్ని ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తాగకూడదు. పది, పన్నెండు డిగ్రీల దగ్గర దినుసులు మాట్లాడతాయి, అంతకంటే చల్లబడితే మూగబోతాయి. బ్రస్సెల్స్‌లో ప్రధాన కూడలి గ్రాండ్ ప్లాస్ దగ్గర ఒక రద్దీ బారులో ఇలాంటి బీరునే మంచులా చల్లగా, పొడవాటి మామూలు గ్లాసులో ఇచ్చారు. కూర్చోవడానికి చోటు లేదు, ఏ బీరు ఎలా ఉంటుందని అడిగితే చెప్పే తీరికా ఎవరికీ లేదు. అంత దూరం వెళ్లి అలా తాగడం అన్యాయం.

బ్రూజ్‌లో కెమెల్‌స్ట్రాట్ వీధిలోని బ్రుగ్స్ బేర్చే ఇందుకు పూర్తిగా వేరు. 1983 నుంచి నడుస్తున్న చిన్న బారు. అక్కడ ఏ బీరుకు ఆ బీరు గ్లాసే తెస్తారు, అడిగితే ఓపికగా వివరిస్తారు. వంటలు మాత్రం పరిమితం, కడుపు నింపుకొని వెళ్లండి. శాకాహారులకు ఈ ప్రాంతంలో చాలాచోట్ల దొరికేది చీజ్ క్రోకెట్, అంటే చీజ్ ముద్దకు రొట్టెపొడి అద్ది నూనెలో వేయించినది. కమ్మగానే ఉంటుంది కానీ రోజూ అదే తినాలంటే కష్టం.

ఒక విషయం ముందే తెలుసుకోవాలి. క్రిస్మస్ బీరు అన్నంత మాత్రాన మసాలా వేశారని కాదు. 12 శాతం ఆల్కహాలుండే బుష్ డి నోయెల్‌లో ప్రధానంగా మాల్టుదే (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీదే) రాజ్యం. బెల్జియం ఈస్టు కొన్ని రకాలు లవంగం పడకుండానే లవంగం వాసన తెస్తాయి కూడా. ఏలకులు, ధనియాలు, దాల్చినచెక్క మధ్య పెరిగిన మన ముక్కు ఈ తేడాలను త్వరగానే పట్టేస్తుంది. దాల్చినచెక్క అతిగా వేసిన కొన్ని బీర్లు నాకు జలుబుకిచ్చే కషాయంలా అనిపించాయి. రెండో గుక్క తాగబుద్ధి కాలేదు.

వేడివేడిగా తాగాలనుంటే ఆవుడెనార్డె ఊరి బ్రూవరీ లీఫ్‌మాన్స్ చేసే గ్లూక్రీక్ అడగండి. చెర్రీ పళ్ల బీరులో లవంగం, దాల్చినచెక్క, సోంపు వేసి చేస్తారు. మరగనివ్వకుండా సుమారు డెబ్బై డిగ్రీలకు వేడిచేసి ఇస్తారు. చలిగాలిలో నిలబడి తాగడానికి దీన్ని మించింది లేదు. కూర్చుని తాగితే తీపి ఎక్కువనిపిస్తుంది.

సెయింట్ బెర్నార్డస్ క్రిస్మస్ బీరు పుట్టిన వాటూ కూడా అందమైన ఊరే. చుట్టూ బీరుకు చేదునిచ్చే హాప్స్ తీగల తోటలు. కానీ రైలు పోపెరింగే వరకే, ఆ పైన బస్సులు తక్కువ. వాహనం నడిపేవారు తాగకుండా ఉండగలిగితేనే కారు తీసుకోండి. నేనైతే ఆ బీరును బ్రూజ్‌లోనే తాగి తృప్తి పడమంటాను.

సీసాలు కొనడానికి పర్యాటకుల దుకాణాలు వద్దు. అదే సరుకు ఊళ్లోని సూపర్‌మార్కెట్‌లో చవక. భారతదేశానికి సుంకం లేకుండా తెచ్చుకునే మద్యం రెండు లీటర్లే, అంటే 33 సెంటీలీటర్ల సీసాలు ఆరు. బట్టల మధ్య చుట్టి చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి. ఇంటికొచ్చాక చీకట్లో నిలబెట్టి ఉంచితే వచ్చే చలికాలానికీ పాడుకావు.